ఒక్క మాటలో ఇద్దరు

సూసా, 24 ఏప్రిల్ 1997

మా ఖాల్తీ ఫజ్రియాకు, రెండు చేతులకూ ముద్దులతో,

బక్రీదు సెలవుల తర్వాత ఎక్కిన బస్సు మాతర్ ఊరు దాటేదాకా వాన వదల్లేదు. నువ్వు గుడ్డలో చుట్టి ఇచ్చిన రొట్టెలు మూడు రోజులు వచ్చాయి. నా గదిలో ఉండే జెర్బా అమ్మాయి ఒక ముక్క తుంచుకుని, "మీ కొండల్లో రొట్టెకి కూడా పొగ పెడతారా?" అంది. "మా ఖాల్తీ ముట్టుకున్నదల్లా పొగవాసనే. కుండలు కాల్చే చెయ్యి" అన్నాను. "మరి మీ అమ్మ?" అంది. అమ్మ నా రెండో ఏట పోయిందనీ, నాన్న ఏళ్ళ తరబడి లిబియాలో పనిచేశాడనీ, నన్ను పెంచింది అమ్మ చెల్లెలేననీ చెప్పాను. ఆ పిల్ల చేతిలోని ముక్కకు ముద్దుపెట్టి, నుదుటికి ఆనించుకుని మరీ తింది.

గుమ్మం దగ్గర నిలబడి నువ్వేమన్నావో నాకు గుర్తుంది. "నీ చదువులోంచి నాకూ నాలుగు మాటలు పంపవే, మట్టి పిసికేటప్పుడు నోటికి పని ఉంటుంది" అన్నావు. పంపుతున్నాను. ఇంగ్లీషు మాటలు మన అక్షరాల్లో రాసి, కింద అర్థాలు పెట్టాను.

ఈ చివరి నెలల్లో మాటలైనా, వ్యాకరణమైనా అంతా సంస్కృతి మీదుగానే నేర్పుతున్నారు. మదాం సీహెమ్ పుస్తకం మూసేసి, "మీ ఇంట్లోంచి ఒక్కో వస్తువు తీసుకురండి, చేత్తో కాదు, నోటితో" అంటుంది. కెర్కెన్నా కుర్రాడు వాళ్ళ నాన్న సముద్రంలో తాటిమట్టలతో కట్టే చేపల దడిని తెచ్చాడు. దానికి ఇంగ్లీషులో పేరు లేదు. పదకొండు మాటలు ఖర్చుపెట్టినా చేప బయటికే పోయింది. నేను నీ కుండల్ని తెచ్చాను. పాలకు ఒకటి, నీళ్ళకు ఒకటి, వెన్నకు ఒకటి, మనకు ఎన్ని పేర్లు! వాళ్ళకు అన్నీ 'పాట్'లే. 'నువ్వు' అనడానికీ అంతే. ఆడదైనా, మగవాడైనా, ఒక్కరైనా, పెళ్ళివారంతా అయినా ఒకటే 'యూ'.

ఇంకో వింత. మనకు వానే కురుస్తుంది. వాళ్ళకు వాన కురవాలంటే ముందు 'ఇట్' అని ఒకరు వచ్చి నిలబడాలి. ఆ ఇట్ ఎవరండీ అని అడిగితే ఎవరూ కాదంది మదాం. వాక్యం మొదట్లో ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నిలబెడతారట.

నీ పేగు తెంచుకుని పుట్టకపోయినా నీ బిడ్డే,
ముఫీదా


సెజ్నాన్ కొండ, 3 మే

నా కంటిదీపానికి, సలాములు, ఆపైన ఇంకొన్ని సలాములు,

ఈ ఉత్తరం రాయడానికి రెండు పూటలు పట్టింది. నలభై ఏడో ఏట అక్షరాలు నేర్చుకున్న చెయ్యి, మట్టికి వంగినట్టు కలానికి వంగదు. వారానికి రెండుసార్లు మాకు చదువు చెప్పడానికి వస్తుందే దుర్సాఫ్, ఆ పిల్ల తప్పులు దిద్దుతానంది. వద్దన్నాను. నా తప్పులు చూస్తేనే నేను రాశానని నీకు తెలుస్తుంది.

నీ మాటలు బొమ్మలకు నేర్పుతున్నాను. నిన్న ఆరబెట్టిన పదకొండు మట్టిబొమ్మల్నీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కదానికి ఒక్కో మాట చెప్పాను. పొడుగుమెడ దానికి 'ఇట్' అని పేరుపెట్టాను. పాపం, వాళ్ళ భాషలో పనంతా చేస్తున్నా తనెవరో ఎవరికీ తెలియకపోతే ఎలాగమ్మా? మొన్న మధ్యాహ్నం మబ్బు కమ్మి, కొండలు బూడిదరంగుకు తిరిగి, ఇంకా చినుకు పడని ఆ కాసేపూ ఒకటే నిశ్శబ్దం చూడు, అప్పుడు నాకు ఆ ఇట్ ఎవరో తెలిసినట్టే అనిపించింది. ఇంతలో వాన వచ్చేసింది. కుండలు లోపల పెట్టడానికి పరుగెత్తాను, ఆ సంగతి జారిపోయింది.

పాత రైలు స్టేషన్ కప్పు మీద కొంగల గూళ్ళు ఈసారి తొమ్మిది. పిల్లలు అప్పుడే తలలెత్తుతున్నాయి. పైకి చూస్తూ నడిచి పిడకల తట్ట ఒలకబోసుకున్నాను.

మీ అమ్‌తీ సాల్హా వచ్చింది. మీ నాన్న అక్కగారు కదా, మర్యాద చేయకపోతే మాట పడాలి. కొడుకు లజ్‌హర్ బండిమీద తీసుకొచ్చాడు. ఆ అబ్బాయి ఇప్పుడు బిజెర్తాలో హోటలు వాకిట్లో నిలబడి దొరలకు తాళాలు ఇస్తాడట. ఇంగ్లీషు దంచేస్తాడట. సాల్హా నా పీట మీద కూర్చుని, "ఇంకా మట్టేనా ఫజ్రియా? మా తమ్ముడు బ్రాహిం కూతురు అంత చదువు చదువుతుంటే" అంది. టీ పోసి, "ఆ చదువు ఈ మట్టిలోంచే వెళ్ళింది సాల్హా" అన్నాను. నవ్వేసింది. వెళ్ళేటప్పుడు నీ ఫోటో ఒకటి అడిగి పట్టుకెళ్ళింది. ఎందుకో అడగలేదు.

తలకు ఆలివ్ నూనె రాసుకుంటున్నావా? సముద్రపు గాలికి జుట్టు పీచవుతుంది.

నీ ఖాల్తీ,
ఫజ్రియా


సూసా, 12 మే

ఖాల్తీ, నా ప్రాణమా,

నీ బొమ్మల సంగతి చదివి వినిపిస్తే క్లాసంతా నవ్వింది. మదాం మాత్రం, "మీ ఖాల్తీ ఇక్కడుంటే నాకు పని తప్పేది" అంది.

నీకో కబురు. ప్రతివాళ్ళమూ 'నాకు నా సంస్కృతిని నేర్పిన మనిషి' అని ఒక పేజీ రాయాలి. నేను రాసింది అందరికంటే బాగుందని కళాశాల వాళ్ళు వేసే చిన్న పొత్తంలో మొదట వేశారు! ఎవరి గురించి రాశానో ఇప్పుడు చెప్పను. రెండు పొత్తాలు మాతర్‌లో సాల్హా అమ్‌తీ ఇంట్లో ఉంటున్న నాన్న దగ్గరికి పంపాను. నువ్వు శుక్రవారం సంతకు వెళ్ళినప్పుడు నీకు చదివించి వినిపించమన్నాను. చదివేవాడు శుక్రవారాలు అక్కడే ఉంటాడు కదా, మన లజ్‌హర్. విన్నాక నీ మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. చూడలేను కాబట్టి నువ్వే రాసి పంపాలి.

ఇంకో మాట నేర్చుకున్నాను. 'హ్యావ్'. మేక ఉన్నా అదే మాట, జ్వరం ఉన్నా అదే, మనుషులు ఉన్నా అదే. నాకు మేక లేదు, జ్వరం లేదు. నువ్వున్నావు.

ముద్దులు, ముద్దులు, ఇంకా ముద్దులు,
ముఫీదా


సెజ్నాన్, 22 మే

ముఫీదాకు,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరమూ క్షేమం.

శుక్రవారం మాతర్ వెళ్ళాను. సాల్హా ఇంట్లో, పెద్ద గదిలో, అందరూ కూర్చున్నారు. లజ్‌హర్ నీ కాగితం తీసి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తర్వాత మన మాటల్లో చెప్పాడు. "మా అమ్‌తీ తెల్లవారకముందే లేచి పిండి పిసుకుతుంది" అన్నాడు. సాల్హా చేతులు చెంపలకు ఆనించుకుంది. "ఆమె పక్షులతో మాట్లాడుతుంది" అన్నాడు. "మా పుంజుతో మాట్లాడతాను కదరా!" అంది సాల్హా. "నాకు జ్వరం వచ్చినప్పుడు నిమ్మచెట్టు కింద పడుకోబెట్టి పాట పాడింది" అనగానే ఇక ఆవిడ ఏడుపు ఆగలేదు. "నలభై రోజులు! పొంగు పోసి పిల్ల ఒళ్ళు నిప్పులకుంపటి అయితే, నలభై రోజులు నా ఒళ్ళోనే!" అంది. అందరి కళ్ళూ తడిసాయి. మీ నాన్న లేచి అక్కగారి తలమీద ముద్దుపెట్టాడు. "నేను దేశం కాని దేశంలో ఉన్నాను, ఇదంతా నాకెవరు చెప్పారు!" అన్నాడు.

నాకు ఖర్జూరం మిఠాయి, మఖ్రూద్ పెట్టారు. రెండు తిన్నాను. చీకటిపడకముందే వచ్చేశాను.

సాల్హా మంచి మనిషి. నలభై రోజుల మాట నిజం. అప్పుడు నాకూ అదే జ్వరం, నిన్ను చూసుకోలేక పంపించాను. మిగతా ఏళ్ళ సంగతి కాగితంలో పట్టి ఉండదు. ఒక పేజీ అన్నావు కదా.

బాగా రాశావని అందరూ అన్నారు. ఇకమీదట మాటలు పంపకు. పని ఎక్కువగా ఉంది, నేర్చుకోవడానికి తీరిక లేదు.

ఫజ్రియా


సూసా, 24 మే

ఖాల్తీ బంగారూ,

ఇంకా జవాబు లేదేం? శుక్రవారం విన్నావనే అనుకుంటున్నాను. సాల్హా అమ్‌తీ దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. లజ్‌హర్ నా పేజీ చదువుతుంటే ఆవిడకు కన్నీళ్ళు ఆగలేదట. ఎంత మంచి మనసు చూడు ఖాల్తీ, ఆవిడ గురించి నేను ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నాను. "ఈ వేసవిలో నీ సంబరం మా ఇంట్లో చేయాలని మా అందరి ఆశ, ఇంటికి సున్నం కొట్టిస్తున్నాం, నీకేమైనా అభ్యంతరమా తల్లీ?" అని రాసింది. పరీక్ష పాసవడమే ఆలస్యం, మేళం పెట్టించేలా ఉంది! "మీ సంబరమే నా సంబరం. మీరు పెద్దవారు, ఏది తలపెట్టినా నాకు సమ్మతమే" అని అందంగా జవాబు రాశాను.

నా పేజీ గురించి నీకు కోపమేమీ రాలేదు కదా? ఉన్నదే రాశాను. ఒక్క ముక్క కల్పించలేదు.

ఈ వారమంతా ఇంగ్లీషు క్రియలతో తంటాలు. 'ఆమె చేస్తుంది' అనాలంటే క్రియ చివర ఒక 'ఎస్' తగిలించాలి. మదాం అంటుంది, నేను ఆ తోకలన్నీ వదిలేసి రాస్తానట. నేను రాసే ఆ 'ఆమె'ను తలచుకుంటే నాకు తోకలు గుర్తుండవు మరి. మాటలు ఇంకో కాగితం మీద పెట్టాను.

తొందరగా రాయి. పరీక్షలు జూన్ తొమ్మిదిన మొదలు.

నీ ముఫీదా


సెజ్నాన్, 1 జూన్

అమ్మా ముఫీదా,

నీ ఉత్తరం అందింది. 'ఉన్నదే రాశాను' అన్న ముక్క రెండుసార్లు చదివాను. రాసినందుకు కోపం లేదు. నీ చెయ్యి నీది.

నీ జవాబు సాల్హా అందరికీ చూపించింది. జూన్ పదమూడు, శుక్రవారం, నమాజు అయ్యాక నీకూ లజ్‌హర్‌కూ ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకుంటారట. మీ నాన్న సంతోషంగా ఉన్నాడు. "పెంచినవాళ్ళకే పిల్ల మీద హక్కు. పిల్ల తన చేత్తో రాసింది, అక్క పెంచిందని. అక్క ఇంటికే ఇస్తాను" అన్నాడట. సాల్హా పెట్టె తీసి బట్టలు ఎండేస్తోంది.

ముబారక్. లజ్‌హర్ సిగరెట్టు ముట్టడు, తల్లిని ఒక్క మాట అనడు. నేను నీకోసం కుస్కుసు వండుకునే జోడుకుండ చేస్తున్నాను. మంచి మట్టి దొరికింది. మూత మీద గీతలు ఇంకా వేయలేదు. ఏవి వేయాలో తోచడం లేదు. ఆకుపసరు గిన్నెలో ఎండిపోయింది, మళ్ళీ దంచాలి.

నాకొక్క మాటైనా ముందు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదని కాదు, చెప్పి ఉంటే బాగుండేదని.

మీ ఖాల్తీ


సూసా, 5 జూన్

ఖాల్తీ! ఖాల్తీ!

ఏ ఫాతిహా? ఏ లజ్‌హర్? ఎప్పుడో రావలసిన నీ మే నెల ఉత్తరం, ఈ ఉత్తరం రెండూ ఇవాళే కలిసి వచ్చాయి, మెట్లమీదే విప్పి చదివాను. సంబరం అంటే పరీక్ష అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను! లజ్‌హర్‌ని అన్నయ్యా అని పిలుస్తూ పెరిగినదాన్ని నేను.

ఇప్పుడు నిదానంగా చదువు. ఆ పేజీలో ఉన్నది నువ్వు. మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా నువ్వే.

ఎలా జరిగిందో చెబుతాను. మనకు అమ్మ తోడబుట్టినది ఖాల్తీ, నాన్న తోడబుట్టినది అమ్‌తీ. చిన్నపిల్లలు కూడా తడబడరు. ఇంగ్లీషులో ఇద్దరికీ కలిపి ఒకటే మాట, 'ఆంట్'. రాసేటప్పుడు నాకు తట్టనే లేదు. ఆంట్ అని రాసినప్పుడల్లా నా కళ్ళముందు నీ చేతులే ఉన్నాయి. లజ్‌హర్ తల్లి ఎదురుగా కూర్చుని చదివాడు, అతనికి ఆవిడే కనిపించి ఉంటుంది. మరి పిండి ఎక్కడిది? నేను రాసింది 'క్లే', బంకమట్టి! పక్షులా? 'స్టార్క్', కొంగలు! తెలియని మాటల్ని ఊహించి చెప్పేశాడు మహానుభావుడు.

టెలిఫోను కొట్టుకు వెళ్ళి మాతర్‌కు ఫోన్ చేశాను. అమ్‌తీయే ఎత్తింది. "అమ్‌తీ, నాకీ పెళ్ళి" అనేలోపే, "సిగ్గుపడకు తల్లీ, మాకూ ఒకప్పుడు నీ ఈడే!" అని పకపకా నవ్వి పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నాన్నకు ఉత్తరం వేశాను. కానీ ఆయనకు వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేది కూడా ఆ ఇంటివాళ్ళే. పదమూడో తేదీన నాకు వ్యాకరణం పరీక్ష. తప్పితే ఏడాది పోతుంది. అయినా రమ్మంటే వచ్చేస్తాను, ఒక్క మాట రాయి.

లేదా నువ్వు వెళ్ళాలి. ఈ పేజీలోని ఇంగ్లీషును నా చేత్తో మన అక్షరాల్లో, పెద్దగా రాసి పెట్టాను. వెనకవైపు ప్రతి మాటకూ అర్థం ఉంది. ఇంకెవరూ నీకు చదివి చెప్పకూడదు. దుర్సాఫ్ పక్కన కూర్చుంటే చాలు, నువ్వే చదువు. నీకు నేను చెప్పాలనుకున్నది ఇరవై ఏళ్ళుగా చెప్పలేదు, ఇంగ్లీషులో అయితే సిగ్గు లేకుండా చెప్పగలిగాను.

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

నీదే, నీ ఒక్కదానిదే,
ముఫీదా


సెజ్నాన్, 15 జూన్

నా పేగుకు,

ముందే చెప్పేస్తున్నాను, ఊపిరి తీసుకో. ఫాతిహా చదవలేదు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. నువ్వు రావాలా అని అడిగావు, వద్దని టెలిగ్రాం ఇద్దామనుకున్నాను. తపాలా ఆఫీసుకు వెళ్ళే రోజు చదువులోనే గడిచిపోయింది.

మూడు మధ్యాహ్నాలు చదివాను. కుండలు నీడలో ఆరుతున్నాయి, దుర్సాఫ్ గోడకు చేరగిలబడి కూర్చుంది, నేను వేలు పెట్టి ఒక్కో మాటా. మొదటి రోజు రెండే వాక్యాలు. మాట వెనక మాట, దానివెనక ఇంకోటి, మధ్యలో ఎండ, తుమ్మెదల రొద. కొండదారిన ఎవరో చాలా దూరం నుంచి నడిచి వస్తున్నట్టు ఉందమ్మా. ఆడమనిషి అని తెలుస్తోంది, మొహం కనబడదు. చేతికి మట్టి ఉంది. పైకి చూస్తూ నడుస్తోంది. పగిలిన కుండను పారేయనివ్వదు, పెంకులు దంచి కొత్త మట్టిలో కలుపుతుంది, ముసలి కుండ లేకుండా పసి కుండ నిలబడదంటుంది. మూడో రోజుకు బాగా దగ్గరికి వచ్చేసింది. చూస్తే నేను. దుర్సాఫ్ ఏదో అడిగింది, నాకు వినబడలేదు. లేచి వెళ్ళి బొమ్మల మధ్య కూర్చున్నాను.

ఇక శుక్రవారం. కాగితం రవికలో దోపుకుని మాతర్ వెళ్ళాను. వాకిట్లో సున్నం వాసన, వంటింట్లో ఆడవాళ్ళు, పెద్ద గదిలో మీ నాన్న, లజ్‌హర్, ఇద్దరు పెద్దమనుషులు. ఇమాం ఇంకా రాలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి మీ నాన్న ఎదురుగా నిలబడ్డాను.

"బ్రాహిం, ఫాతిహాకు ముందు ఆ కాగితం ఇంకోసారి చదివించు" అన్నాను.

"ఇప్పుడెందుకు ఫజ్రియా?"

"నేనూ చదువుతాను. లజ్‌హర్ తప్పుంటే దిద్దుతాడు."

గదిలో ఎవరో నవ్వారు. నేను కాగితం తీసి చదివాను. తల్లీ, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రెండో వాక్యం దగ్గర ఆగి, "ఈ మాటకి అర్థమేంటి నాయనా?" అని లజ్‌హర్‌ని అడిగాను. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

"తెలీదు ఖాల్తీ. పిసకడం అని ఉంది కదా, పిండే అయి ఉంటుందనుకున్నా."

"క్లే. బంకమట్టి."

మీ నాన్న నా చేతులవైపు చూశాడు.

"మరి ఇది?"

"ఏదో పెద్ద పక్షి... హోటల్లో ఎవరూ అడగరు ఖాల్తీ."

"కొంగ. మాతర్‌లో మీ డాబా మీద కొంగలెక్కడివి?"

అప్పటికి వంటింట్లోంచి సాల్హా వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతినిండా తేనెపాకం. "ఏంటిది? పిల్లకి నువ్వు నూరిపోశావా?" అంది. "ఆంట్ అంటే మేనత్త! మా వాడు చెప్పాడు!"

"అమ్మ చెల్లెలు కూడా అవుతుందమ్మా" అన్నాడు లజ్‌హర్, నేల చూస్తూ. "నాకు చదివేటప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు అంత మురిసిపోతుంటే చెప్పలేకపోయా."

సాల్హా మొహం చూశాను. పదిమంది ముందు ఒంటిమీది నగ లాక్కున్నట్టు ఉంది ఆవిడ. నేను గెలిచాను కదా, ఇంకేం కావాలి, కాగితం మడిచి వచ్చేయొచ్చు. కానీ ఇంకో వాక్యం మిగిలి ఉంది. నిమ్మచెట్టు వాక్యం.

ఇది నువ్వు కూర్చుని చదువు, ముఫీదా. మన కొండమీద నిమ్మచెట్టు ఏనాడూ లేదు. ఆ జ్వరంలో నిన్ను నేను చూసుకోలేదు, నేనే లేవలేని స్థితి. మధ్యాహ్నాలు ఒళ్ళు మండిపోతుంటే తడిగుడ్డ కప్పి, నిమ్మచెట్టు నీడన ఒళ్ళో పడుకోబెట్టుకుని పాడింది సాల్హా. నీకు ఆ చెయ్యి గుర్తుంది, ఎవరి చెయ్యో గుర్తులేదు. పసిదానివి, నీకు తెలిసిన చెయ్యి నాదొక్కటే కాబట్టి అదీ నాదే అనుకున్నావు. 'ఒక్క ముక్క కల్పించలేదు' అన్నావు. నిజమే, కల్పించలేదు. మనిషి మారింది, అంతే.

అది దాచుకుంటే నాకు ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కాదు. ఒక్క క్షణం దాచుకుందామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

"బ్రాహిం, ఈ కాగితంలో అన్నీ నావే. ఈ ఒక్క వాక్యం నాది కాదు. ఇది సాల్హాది" అని, ఆ వాక్యం ఇంగ్లీషులో ఒకసారి, మన మాటల్లో ఒకసారి చదివాను. "పిల్ల చచ్చి బతికింది. బతికించి నా చేతిలో పెట్టింది ఈవిడ. ఇన్నేళ్ళలో నేను ఈ గుమ్మంలోకి వచ్చి ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు అంటున్నా."

సాల్హా పాకం చేతులతోనే మొహం కప్పుకుంది. తర్వాత, "నువ్వప్పుడు పిల్లని తీసుకుపోతూ వెనక్కి కూడా చూడలేదు ఫజ్రియా" అంది. "నలభై రోజులు నా మెడకి కరుచుకుని ఉంది. నువ్వొచ్చి తీసుకుపోయావు. నాకు ఆడపిల్ల లేదు."

అప్పుడు తెలిసింది ఆవిడకు కోడలు ఎందుకు కావాల్సి వచ్చిందో.

మీ నాన్న అక్కగారివైపు తిరిగాడు. "మాట ఇచ్చేశాను అక్కా, ఏం చేయమంటావు?" అన్నాడు. "పిల్లని అడగకుండా ఇచ్చిన మాట ఎవరికి కావాలిరా?" అంది సాల్హా, ఆ ఏడుపులోనే విసుక్కుంటూ. "ఇమాంకి టీ ఇచ్చి పంపండి. మఖ్రూద్ ఇంత చేశాం, తినకుండా ఎవరైనా కదిలితే చూడండి."

నాలుగు తిన్నాను. ఇంకో పొట్లం కట్టి ఇచ్చింది.

ఈ ఉత్తరం రాయడానికి నిన్న, ఇవాళ పట్టింది. పరీక్ష ఎలా రాశావు?

నీ ఫజ్రియా


సూసా, 20 జూన్

ఖాల్తీ,

నాలుగుసార్లు చదివాను. నిమ్మచెట్టు దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నాను. ఆకుల మధ్య వెలుగు చుక్కలు, చల్లటి బట్ట, ఎవరిదో గొంతు, ఇవన్నీ ఇప్పటికీ కళ్ళు మూస్తే వస్తాయి. ఆ గొంతుకు ఇన్నేళ్ళూ నీ మొహం పెట్టుకున్నాను. ఇప్పుడు తీసి సాల్హా అమ్‌తీ మొహం పెడుతుంటే నిలబడడం లేదు. ఆవిడకు ఒక ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. క్షమించమనాలా, కృతజ్ఞతలు చెప్పాలా తెలియడం లేదు. ఆవిడ రాసిన సంబరం ఉత్తరం ఇప్పుడు మళ్ళీ చదివితే, ప్రతి మాటా నన్ను ఒళ్ళోకి పిలుస్తున్నట్టే ఉంది. నాకే అర్థం కాలేదు.

పరీక్ష సంగతి. వ్యాకరణం పోయింది. పదమూడున కాగితం ముందు కూర్చుంటే ఇప్పుడు నాన్న లేచి ఉంటాడు, ఇప్పుడు ఇమాం వచ్చి ఉంటాడు అనే తప్ప వేరే ధ్యాస లేదు. సెప్టెంబరులో మళ్ళీ రాయాలి. మిగతావన్నీ గట్టెక్కాయి. మదాం సీహెమ్ పిలిచి అడిగితే అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. "ఇరవై ఏళ్ళుగా ఆ 'ఆంట్' మాట నేర్పుతున్నాను, దానిలో ఇంత ఇరుకు ఉందని ఎవరూ చెప్పలేదు" అంది.

వచ్చే శనివారం, ఇరవై ఎనిమిదిన బయలుదేరుతున్నాను. మాతర్‌లో దిగి, అక్కడినుంచి కొండకు మధ్యాహ్నం బస్సు. అమ్‌తీ గుమ్మం తొక్కాలా వద్దా? ఆవిడ మొహం చూడాలంటే భయంగా ఉంది. నువ్వేమంటే అది.

ముఫీదా


సెజ్నాన్, 24 జూన్

చిన్నదానా,

పరీక్ష పోతే పోయింది, సెప్టెంబరు ఎక్కడికీ పారిపోదు. ఆ పుస్తకాలు మోసుకునిరా. వేసవంతా నీడలో కూర్చుని చదువుకుందాం, నేనూ వింటాను.

సాల్హాకు ఉత్తరం రాయకు. కాగితంమీద మనం ముగ్గురం పడ్డ తిప్పలు చాలు. నిన్న ఆవిడ ఇక్కడికి వచ్చింది, లజ్‌హర్ దించి వెళ్ళిపోయాడు. ఆ అబ్బాయి మొహం ఎంత తేలిక పడిందో! హోటల్లో ఎవరో ఉందనుకుంటాను, తల్లికి ఇంకా చెప్పలేదు. సాల్హా నా పక్కన పీట వేసుకుని, అడగకుండానే మట్టిలో చెయ్యి పెట్టింది. పిండి పిసికినట్టే పిసికింది. బుడగలు పోలేదు, నేను ఊరుకున్నాను. మీ అమ్మ పెళ్ళినాటి సంగతులు రెండు చెప్పింది, నాకు తెలియనివి. సాయంత్రం కొంగలు తిరిగొచ్చే వేళకు, పాట ఏది పాడావు అని అడిగాను. మరచిపోయానంది. కాసేపటికి మట్టి చూసుకుంటూ తనలో తనే పాడుకుంది. చాలా మామూలు పాటే, గొంతు కూడా అంతంత మాత్రమే. ఎలా ఉందో ఇంతకంటే రాయను, నువ్వే విందువుగాని.

శనివారం మాతర్ బస్టాండుకు ఇద్దరం వస్తాం. నువ్వు మెట్టు మీద నిలబడి ఇటా అటా అని తికమక పడతావని నాకు తెలుసు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు. గట్టిగా పట్టుకో, ఆవిడ వదిలేదాకా వదలకు.

నాకు తొందర లేదు.

ఫజ్రియా